మట్టి ఎక్కడికి పోతోందని అడిగిన రైతు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యవర్గం వారు అడిగారు. మన బడి జ్ఞాపకాలు నాకన్నా బాగా రాయగల మిత్రులు చాలామంది ఉన్నారు కాబట్టి, నేను ఒక మనిషి కథ చెబుతానన్నాను. ఆయన మన బడిలో చదివినవాడు కాదు, మన దేశంవాడూ కాదు. కన్నుమూసి రెండు వందల ఏళ్లు దాటింది. అయినా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు రాళ్ల పాఠం చెప్పే ప్రతి మాస్టారూ, ప్రతి టీచరమ్మా తెలిసో తెలియకో ఆయన మాటే చెబుతున్నారు. ఆయన పేరు జేమ్స్ హట్టన్.

ఆ పాఠం మనందరికీ గుర్తుండే ఉంటుంది. అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని మూడు గళ్ల పట్టిక. ఒక్కోదానికి రెండేసి ఉదాహరణలు. చివర్లో బాణం గుర్తులతో శిలాచక్రం బొమ్మ. పరీక్షలో తప్పక వచ్చే ప్రశ్న. బట్టీ పట్టాం, రాశాం, మార్కులు వేయించుకున్నాం. ఆ బాణాలను మొదట గీసినవాడు ఎవరు, ఏం చూసి గీశాడు అన్నది మాత్రం మనం అడగలేదు. అది తెలిస్తే పాఠం చెప్పే తీరే మారుతుందని నా నమ్మకం.

హట్టన్ 1726లో స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో పుట్టారు. తండ్రి వర్తకుడు, ఆ ఊరి కోశాధికారిగా కూడా పనిచేశారు. కొడుక్కి మూడేళ్లప్పుడే ఆయన పోయారు. తల్లి శ్రద్ధగా చదివించింది. పద్నాలుగేళ్లకే విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ తర్కశాస్త్రం చెప్పే స్టీవెన్‌సన్ అనే ఆచార్యుడు ఒకరోజు ఏదో ఉదాహరణ కోసం బంగారం సంగతి ఎత్తారు. ఒక్కో ఆమ్లం విడిగా బంగారాన్ని ఏమీ చేయలేదు, రెండు ఆమ్లాలు కలిస్తే మాత్రం కరిగించేస్తాయి అని చెప్పారు. ఆయన చెబుతున్నది తర్కం. కుర్రవాడికి అంటుకున్నది రసాయనశాస్త్రం. తరగతిలో దారి తప్పి చెప్పిన ఒక్క మాట ఎవరిని ఎక్కడికి తీసుకుపోతుందో చెప్పలేం. ఉపాధ్యాయ మిత్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పదిహేడేళ్లకు ఇంట్లోవాళ్లు ఒక లాయరు దగ్గర పనికి పెట్టారు. దస్తావేజులు రాయాల్సినవాడు తోటి గుమాస్తాలకు రసాయన ప్రయోగాలు చూపిస్తూ కూర్చునేవాడు. ఈ పని నీకు సరిపడదని ఆ లాయరే పంపించేశారు. తర్వాత వైద్యం చదివారు. ఎడిన్‌బరో, పారిస్, చివరికి హాలండులోని లైడెన్. 1749లో రక్తప్రసరణ మీద వ్యాసం రాసి డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. కానీ వైద్యవృత్తి చేపట్టలేదు. జేమ్స్ డేవీ అనే స్నేహితుడితో కలిసి పొగగొట్టాల మసి నుంచి నవాసారం తీసే పద్ధతి కనిపెట్టారు. మన ఊళ్లలో గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడే నవాసారమే అది. ఆ వ్యాపారం కలిసివచ్చి ఆయనకు జీవితాంతం డబ్బుకు లోటు లేకుండా చేసింది.

తండ్రి వదిలిన పొలం బెర్విక్‌షైర్ ప్రాంతంలో ఉండేది. డాక్టరు చదువు చదివిన ఈయన సేద్యం నేర్చుకోవాలని ఇంగ్లండులోని నార్ఫోక్ వెళ్లి ఒక రైతు ఇంట్లో ఉన్నారు. తిరిగి వస్తూ అక్కడి నుంచి ఒక దుక్కిటి మనిషిని కూడా వెంట తెచ్చుకున్నారు. దాదాపు పద్నాలుగేళ్లు సొంత పొలంలో రాళ్లు ఏరించి, కాలువలు తవ్వించి, దున్నించి వ్యవసాయం చేశారు.

ఆయన అసలు చదువు అక్కడే మొదలైంది. వాన పడినప్పుడల్లా పొలం నుంచి మట్టి కొట్టుకుపోయేది. కాలువలోకి, కాలువ నుంచి ఏట్లోకి, ఏటి నుంచి సముద్రంలోకి. ఇది ప్రతి రైతూ చూసేదే, చూసి గట్టు వేసుకునేదే. హట్టన్ కూడా గట్టు వేసుకున్నారు, కానీ అక్కడితో ఆగలేదు. మట్టి లేనిదే పంట లేదు. కొండరాయి చివికితేగానీ మట్టి రాదు. ఆ మట్టి ఏటేటా సముద్రంలో కలిసిపోతే, ఎప్పటికో ఒకప్పటికి కొండలన్నీ అరిగి నేలంతా సముద్రం పాలు కావాలి. మరి ఇంకా ఎందుకు కాలేదు? పోయిన నేల ఎక్కడో మళ్లీ పుడుతూ ఉండాలి. ఎలా పుడుతోంది?

శిలాచక్రం మొత్తం ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. దానికి జవాబు దొరకడానికి ఆయనకు పాతికేళ్లకు పైగా పట్టింది.

1760ల చివర్లో పొలం కౌలుకిచ్చి ఎడిన్‌బరో చేరారు. పెళ్లి చేసుకోలేదు. అక్కచెల్లెళ్లతో కలిసి ఉండేవారు. ఇల్లంతా రాళ్ల నమూనాలే. కిటికీలోంచి చూస్తే సాలిస్‌బరీ క్రాగ్స్ అనే కొండచరియ కనిపించేది. ఫోర్త్, క్లైడ్ నదులను కలుపుతూ స్కాట్లాండుకు అడ్డంగా తవ్విన కాలువ నిర్వాహక సంఘంలో 1767 నుంచి 1774 వరకు పనిచేశారు. కాలువ తవ్వకం అంటే భూమి పొట్ట విప్పి చూడటమే. పునాదులు తవ్వించే పనిలో ఉన్న నాలాంటి వాళ్లకు అది వేరే చెప్పక్కర్లేదు.

స్నేహితులు కూడా గట్టివాళ్లే దొరికారు. గుప్తోష్ణం కనిపెట్టిన జోసెఫ్ బ్లాక్, అర్థశాస్త్ర పితామహుడు ఆడమ్ స్మిత్, ఆవిరియంత్రం జేమ్స్ వాట్. ఆడమ్ స్మిత్ పోయే ముందు తన రాతప్రతుల బాధ్యతను బ్లాక్‌కూ హట్టన్‌కూ అప్పగించారంటే వారి మధ్య ఎంత నమ్మకం ఉండేదో ఊహించుకోవచ్చు. అందరూ వారం వారం ఒకచోట చేరి భోంచేస్తూ వాదించుకునేవారు.

ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లు చాలామంది భూమి వయసు ఆరువేల ఏళ్లు అనుకునేవారు. రాళ్ల విషయంలో జర్మనీకి చెందిన వెర్నర్ మాట చెల్లుబాటయ్యేది. మొదట భూమంతా ఒకే సముద్రమని, గ్రానైట్‌తో సహా రాళ్లన్నీ ఆ నీటి నుంచి పేరుకున్నవేనని ఆయన సిద్ధాంతం. దాని ప్రకారం గ్రానైట్ అన్నిటికన్నా పాత రాయి. హట్టన్ లెక్క వేరు. నీరు నేలను అరగదీస్తుంది, సముద్రం అడుగున పొరలుగా పరుస్తుంది. భూమి లోపలి వేడి ఆ పొరలను పైకెత్తి మళ్లీ నేల చేస్తుంది. ఆ వేడికి కరిగిన రాయే పగుళ్లలోకి ఎక్కి, చల్లారి గ్రానైట్ అవుతుంది.

1785 మార్చి, ఏప్రిల్ నెలల్లో రాయల్ సొసైటీ ఆఫ్ ఎడిన్‌బరోలో ఈ సిద్ధాంతం చదివారు. మొదటి రోజు ఒంట్లో బాగాలేక ఆయన తరఫున బ్లాక్ చదివి వినిపించారు. విన్నవాళ్లలో నమ్మినవాళ్లు తక్కువ. అప్పటికే హట్టన్‌కు యాభై తొమ్మిదేళ్లు నిండబోతున్నాయి. రుజువులు కావాలంటే ఎండావానల్లో కొండలు ఎక్కాలి. ఎక్కారు.

అదే ఏడు గ్లెన్ టిల్ట్ అనే లోయకు వెళ్లారు. అక్కడ ఏటి అడుగున నల్లటి పాత రాతిలోకి ఎర్రటి గ్రానైట్ తీగలు తీగలుగా చొచ్చుకుపోయి ఉంది. ఆనకట్టల పనుల్లో బండ పగుళ్లలోకి ఒత్తిడితో సిమెంటు పాలు ఎక్కిస్తాం. తర్వాత ఆ బండను కోసి చూస్తే ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఎవరినీ అడగక్కర్లేదు. చొచ్చుకుపోయింది తర్వాతది. పోయినప్పుడు అది ద్రవంగా ఉండి తీరాలి. హట్టన్ అక్కడ చూసింది సరిగ్గా ఇదే. గ్రానైట్ అన్నిటికన్నా పాతది అన్న మాటకు అక్కడే కాలం చెల్లింది. ఆయన సంబరం చూసి వెంట వచ్చినవాళ్లు వెండి గనో బంగారు గనో దొరికిందనుకున్నారట.

ఇంకో రుజువు 1788లో సముద్రపు ఒడ్డున సిక్కార్ పాయింట్ అనే చోట దొరికింది. జాన్ ప్లేఫేర్, జేమ్స్ హాల్ అనే ఇద్దరు చిన్నవాళ్లతో కలిసి పడవలో వెళ్లారు. ఒడ్డున బూడిదరంగు రాతి పొరలు అరలో పెట్టిన పుస్తకాల్లా నిలువుగా నిలబడి ఉన్నాయి. వాటి నెత్తిన ఎర్ర ఇసుకరాయి పొరలు కొద్దిపాటి వాలుతో పరుచుకుని ఉన్నాయి. చూడటానికి అంతే. దాన్ని పిల్లలతో ఒక్కో మెట్టు ఎక్కించినట్టు చెప్పించాలి. పొరలు ఎప్పుడూ అడ్డంగానే పేరుకుంటాయి. కాబట్టి కింది పొరలు మొదట సముద్రం అడుగున అడ్డంగా పేరుకున్నాయి. గట్టిపడి రాయి అయ్యాయి. తర్వాత ముడతలు పడి నిలువుగా లేచాయి. పైభాగమంతా అరిగిపోయింది. ఆ అరిగిన మొండాల మీద మళ్లీ ఎర్ర ఇసుక పేరుకుంది. అదీ రాయి అయింది. మళ్లీ అంతా ఎత్తుకు లేచింది. వీటిలో ఏ ఒక్క మెట్టూ వంద ఏళ్లలోనో వెయ్యేళ్లలోనో జరిగేది కాదు. ఆరువేల ఏళ్లు ఏ మూలకు సరిపోతాయి? అంత కాలాన్ని ఊహించేసరికి తల తిరిగినంత పనైందని ప్లేఫేర్ తర్వాత రాసుకున్నారు. ఆ రెండు రాళ్ల వయసుల మధ్య తేడా ఆరు కోట్ల ఏళ్లకు పైనేనని ఇప్పటి లెక్క.

ఇంత చూసిన మనిషికి ఒక లోపం ఉండేది. రాయటం రాదు. 1793లో రిచర్డ్ కిర్వాన్ అనే ఐర్లండు శాస్త్రవేత్త ఈ సిద్ధాంతాన్ని తీవ్రంగా ఖండించారు. అప్పటికే మూత్రాశయ వ్యాధితో మంచంపట్టిన హట్టన్ పట్టుదలగా కూర్చుని 1795లో రెండు సంపుటాల పుస్తకం తెచ్చారు. వాక్యాలు కొండచిలువల్లా ఉంటాయి. పేజీలకు పేజీలు ఫ్రెంచి పుస్తకాల నుంచి ఎత్తి రాసినవి. చదివినవాళ్లు తక్కువ, చదివి అర్థం చేసుకున్నవాళ్లు మరీ తక్కువ. మూడో సంపుటం రాతప్రతిగానే ఉండిపోయింది. 1797 మార్చి 26న ఆయన కన్నుమూశారు.

కథ అక్కడితో ముగిసిపోయి ఉండేది. పాతికేళ్లకు పైగా కూడబెట్టిన జ్ఞానం ఎవరూ తెరవని రెండు పుస్తకాల్లో ఉండిపోయేది. అలా కానివ్వనిది ప్లేఫేర్. ఆయన ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో లెక్కల మాస్టారు. సమాంతర రేఖల గురించి తొమ్మిదో తరగతిలో మనం చదివిన ప్లేఫేర్ స్వీకృతం ఆయన పేరు మీదిదే. మిత్రుడు పోయిన ఐదేళ్లకు, 1802లో, ఆ సిద్ధాంతాన్ని తేలిక మాటల్లో, ఉదాహరణలతో, వరసగా విడమరిచి పుస్తకం రాశారు. తరగతిలో పాఠం చెప్పినట్టు చెప్పారు. హట్టన్ జీవితచరిత్ర కూడా ఆయనే రాశారు. జేమ్స్ హాల్ ఏమో బసాల్ట్ రాయిని కొలిమిలో కరిగించి, మెల్లగా చల్లార్చి, మళ్లీ రాయిని చేసి చూపించారు. తుపాకీ గొట్టాల్లో సున్నపురాయిని బిగించి కాల్చి పాలరాయి లాంటిది తీశారు. కొలిమిలో చేసే ప్రయోగాలతో భూమి సంగతి తేలదని హట్టన్ అభిప్రాయం. పెద్దాయన మాట కాదనలేక హాల్ ఆయన పోయేదాకా ఆగారు.

హట్టన్ చెప్పినవన్నీ నిలబడలేదు. ఇసుక రాయిగా గట్టిపడటానికి కూడా భూగర్భంలోని వేడే కారణమని ఆయన అనుకున్నారు. రేణువుల మధ్య నీటి ద్వారా చేరిన ఖనిజాలు వాటిని అతికిస్తాయని తర్వాత తేలింది. కానీ చక్రం నిలిచింది. ఆయన పోయిన ఏడే పుట్టిన చార్లెస్ లయల్ ఆ దారినే ముందుకు తీసుకెళ్లారు. లయల్ పుస్తకం తీసుకుని ఓడ ఎక్కిన డార్విన్‌కు జీవపరిణామం గురించి ఆలోచించడానికి కావలసినంత కాలం అందులో దొరికింది.

సిక్కార్ పాయింట్ చూడాలంటే స్కాట్లాండు దాకా పోనక్కర్లేదు. తిరుమల కొండల్లో, ఘాట్ రోడ్డు కోతల్లో అలాంటి సంధే ఉంది. అడుగున 250 కోట్ల ఏళ్లు దాటిన గ్రానైట్, దాని మీద సుమారు 160 కోట్ల ఏళ్ల నాటి క్వార్ట్‌జైట్ పొరలు. మధ్యలో కోట్ల ఏళ్ల ఖాళీ. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. ఎన్నిసార్లు కొండకు వెళ్లి ఉంటాం! ఈసారి వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి.

స్వర్ణోత్సవ గుర్తుగా బడికి ఏమివ్వాలని సంఘంలో చర్చ జరుగుతోంది. కంప్యూటర్లు ఇద్దాం, కాదనను. వాటితోపాటు ఒక రాళ్ల పెట్టె, డజను భూతద్దాలు ఇద్దామని నా మనవి. ఖర్చు పెద్దగా ఉండదు. గ్రానైట్ ముక్కను భూతద్దం కింద పెడితే మిక్స్చర్ పొట్లంలో బూందీ, పల్లీలు, అటుకులు వేరువేరుగా కనిపించినట్టు అద్దంలాంటి పలుగు, తెల్లటి ఫెల్‌స్పార్, మెరిసే అభ్రకం కనిపిస్తాయి. ఖనిజం వేరు, రాయి వేరు అన్నది ఇక బట్టీ పట్టక్కర్లేదు. కడప బండ మీద పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క మాస్టారు వేసి చూపిస్తే బుస్సుమని నురగ వస్తుంది. అది సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. మనం అక్షరాలు దిద్దిన మార్కాపురం పలక ఒకప్పటి బురద, ఒత్తిడికి పొరలు పొరలుగా మారిన రాయి. మూడు గళ్ల పట్టిక మన బడిలోనే ఉంది. అయితే ముందు రాయి చేతికివ్వాలి, ప్రశ్న అడగాలి, పేరు చివర చెప్పాలి. వాన వెలిశాక గ్రౌండులో ఎర్రనీళ్లు పారేటప్పుడు ఈ మట్టి ఎక్కడికి పోతోందని అడిగితే చాలు, పాఠం మొదలైనట్టే.

ఎడిన్‌బరోలోని గ్రేఫ్రయర్స్ శ్మశానంలో హట్టన్‌ను పూడ్చిన చోట నూట యాభై ఏళ్లపాటు పేరు చెక్కిన రాయి కూడా లేదు. 1947లో ఒక ఫలకం పెట్టారు. అంతవరకూ ఆయన పేరు నిలబెట్టింది పాఠం చెప్పినవాళ్లే. మన బడిలో అలా పాఠం చెప్పిన, చెబుతున్న గురువులందరికీ ఈ స్వర్ణోత్సవ వేళ నా నమస్కారాలు.