డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారు

వైద్యశాస్త్రమునకు మహోపకారము చేసిన ఆంధ్రులలో అగ్రగణ్యులు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారు. వారు 1895 జనవరి 12వ తేదీన పశ్చిమ గోదావరి జిల్లా భీమవరమున జగన్నాథము, వెంకమ్మ దంపతులకు జన్మించిరి. బాల్యమున చదువుపై మనసు నిలువలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవసారి మదరాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులైరి.

పిమ్మట మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సాయముతో మదరాసు వైద్యకళాశాలలో చదివిరి. ఖద్దరు ధరించినందున ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమును మాత్రమే పొందిరి. ఇరువురు సోదరులు స్ప్రూ అను గ్రహణి వ్యాధితో గతించిరి. నాడు దానికి తగిన మందు లేదు. ఈ దుఃఖమే వారిని పరిశోధనకు పురికొల్పెను.

మామగారును, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధియు తోడ్పడగా 1923లో అమెరికా చేరిరి. వైద్యులై యుండియు, పొట్ట గడచుటకై రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగుచు హార్వర్డులో చదివిరి. 1925లో ఫిస్కే పండితునితో కలిసి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొనిరి. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏ.టి.పి.ని 1929లోను వెల్లడించిరి. అయినను అచట స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరిరి.

ఆకుకూరలలో నుండు ఫోలిక్ ఆమ్లమును వారి బృందము 1945 నాటికి కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగులకు అది మిక్కిలి గుణమిచ్చెను. సోదరులను కబళించిన వ్యాధికి ఇట్లు మందు దొరకినది. ఏనుగుకాలు వ్యాధి పురుగును చంపు హెట్రజాన్ 1947లో ఆ ప్రయోగశాలనుండియే వెలువడెను.

కాని రక్తపు క్యాన్సరు గల పిల్లలకు ఫోలిక్ ఆమ్లము మేలుకు మారుగా కీడే చేయుచున్నట్లు బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు గ్రహించెను. అంతట సుబ్బారావు గారి బృందము ఆ ఆమ్లమును పోలియు దాని పని చేయని అమినోప్టెరిన్‌ను సిద్ధపరచెను. విత్తనమనుకొని తాలుగింజను చల్లిన చేను మొలవనట్లు, దీనిని గ్రహించిన కణము విభజన చెందజాలదు. 1948లో ఫార్బరు ప్రకటించిన 16 మంది బాలలలో 10 మందికి తాత్కాలికముగా గుణము కనిపించెను. అంతవరకు మరణమే గతియైన ఆ వ్యాధికి అది తొలి ఆశాకిరణము.

దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. కంటిలో పుట్టు లింఫోమా యను క్యాన్సరుకు దానిని కంటిలోనికే సూదిమందుగా ఇత్తురు. శరీరమును కాపాడవలసిన రక్షక కణములే దారితప్పి స్వంత కీళ్లను, కన్నులను బాధించునపుడు, అదే మందు కొద్ది మోతాదులో వాని ఉద్రేకమును అణచును. కీళ్లవాతమునకు దాని వాడుకను 1988లో అమెరికా ప్రభుత్వము అనుమతించెను.

ఈ ఫలములను చూడకయే సుబ్బారావు గారు 1948 ఆగస్టులో, 53వ యేట, నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూసిరి. 1923లో వీడ్కోలు పలికిన భార్య శేషగిరి గారు వారిని మరల చూడనే లేదు. 1995లో భారత ప్రభుత్వము వారి స్మారకముగా తపాలాబిళ్లను వెలువరించెను.

పరీక్ష తప్పి నిరాశతో ఈ గ్రంథాలయపు మెట్లెక్కు రాచర్ల విద్యార్థికి ఈ జీవితమును మించిన ధైర్యవచనము వేరొకటి అక్కరలేదు.