ముఖలింగం శిలలు చదివిన పంతులుగారు

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేరు వినగానే వాడుక భాషోద్యమం జ్ఞాపకం వస్తుంది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని ఆంధ్రులు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారు. అయితే ఆ ఉద్యమానికి పూనుకొనక పూర్వమే, యాత్రికులు మొక్కి దాటిపోయే రాళ్ళ యెదుట నిలిచి ఆయన చేసిన కృషి ఒకటి ఉన్నది. విద్యార్థులకు అది అంతగా తెలియదు.

వంశధారా తీరాన, శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువనున్న పర్వతాలపేటలో ఆయన 1863లో జన్మించారు. పండ్రెండవ యేటనే తండ్రి వీర్రాజుగారు గతించారు. మేనమామగారి ఇంట ఉండి చదువుకొని, 1879లో మెట్రిక్యులేషన్ ముగించి, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర బోధించే ఉపాధ్యాయుడుగా చేరారు. తక్కిన పరీక్షలన్నీ ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా ఇచ్చినవే.

చరిత్ర చెప్పే ఉపాధ్యాయునికి పాఠ్యపుస్తకం చాలదా? చాలుననుకొన్నవారే అధికం. పంతులుగారికి చాలలేదు. ముఖలింగంలో మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలున్నవి. అక్కడి స్తంభాల మీద, గోడల మీద గాంగరాజుల నాటి దానశాసనాలు వందల యేండ్లుగా ఎండకు వానకు ఓర్చి నిలిచి ఉన్నవి. ఆ లిపి నేటి బడిలో నేర్పేది కాదు. గురువు లేకుండానే, గ్రంథాలు తెప్పించుకొని, అక్షరం వెంట అక్షరం పోల్చుకొంటూ ఆయన దానిని సాధించారు.

శాసనాల తేదీలు ఎంత చిత్రంగా ఉంటవో చూడండి. నరసన్నపేట ప్రాంతపు నడగాంలో దొరికిన తామ్రశాసనంలో గాంగరాజు వజ్రహస్తుని పట్టాభిషేక సంవత్సరం అంకెలలో లేదు. ఆకాశం, ఋతువు, నిధి అనే మాటలలో ఉన్నది. ఆకాశమంటే సున్న, ఋతువులు ఆరు, నిధులు తొమ్మిది. వాటిని వెనుకనుంచి ముందుకు చదువుకొంటే శకవర్షం 960 అవుతుంది. దానికి 78 కలిపితే క్రీస్తుశకం 1038. ఒక రాజు కాలం ఈ లెక్కతో తేలిపోయింది. లెక్కల మాస్టరుగారు కూడా తరగతిలో చెప్పదగిన పాఠమిది!

ఆ నడగాం శాసనాన్ని పంతులుగారు పరిష్కరించగా, భారత ప్రభుత్వ శాసన పత్రిక ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగవ సంపుటంలో, 1896-97లో, అచ్చయినది. గాంగుల రాజధాని కళింగనగరం ఎక్కడిదన్న ప్రశ్న అప్పటికి తెగలేదు. వంశధార సముద్రంలో కలిసేచోటి కళింగపట్నమే అదని కొందరనేవారు. కాదు, ముఖలింగమూ దాని ప్రక్కనున్న నగరికటకమూ కలిసిన స్థలమే కళింగనగరమని పంతులుగారు ప్రతిపాదించారు. పల్లెటూరి దేవాలయమని జనం అనుకొన్నచోట ఒక సామ్రాజ్యపు రాజధాని వెలుగుచూచింది.

నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్నరైలు నడిచినది 1900లో. అంటే ఈ పరిశోధన జరిగినప్పుడు ఆ బాటలో పొగబండి లేదు. ఎడ్లబండియో కాలినడకయో గతి.

రాళ్ళు ఆయనకు మరొకటి కూడా నేర్పినవి. ఒక శతాబ్దపు మాట మరొక శతాబ్దంలో అట్లే ఉండదని శాసనాలు చదివినవానికి వేరే చెప్పనక్కరలేదు. భాష మారరాదని వాదించిన పండితులతో ఆయన జంకు లేకుండా తలపడ్డారంటే, ఆ ధైర్యంలో కొంత పాలు ముఖలింగానిదే అనవలె. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక నెలకొల్పి ఆ పోరాటం సాగించారు. వ్రాతలేని సవరల భాషను నేర్చి, 1931లో దాని వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించారు. మన్యపు జ్వరానికి వాడిన క్వినైను వలన ఆయనకు చెవుడు ప్రాప్తించింది. మనుషుల మాటను అంతగా ప్రేమించినవానికి ఎంతటి శిక్ష!

వార్ధక్యంలో మరొక దెబ్బ తగిలింది. పర్లాకిమిడి కొత్త రాష్ట్రంలో చేరరాదని ఆయన ఎంత వాదించినా ఫలించలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినది. పట్టణం అటు పోయినది, ముఖలింగం ఇటు మిగిలినది. అర్ధశతాబ్దికి పైగా కాపురమున్న ఊరు విడిచి, డెబ్బది మూడవ యేట రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న మరణించారు.

ఆయన చదివిన శాసనాలు మధుకేశ్వరాలయంలో నేటికీ ఉన్నవి. ఆలయం పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. గోడ దగ్గరకు పోయి నిలబడితే అక్షరాలు కనబడతవి.