పిళ్లైగారిని నిలబెట్టిన పంతులుగారు

సంఖ్యా సిద్ధాంతంపై స్మారకోపన్యాసం, పరిశోధన కార్యశాల ఎక్కడ జరిగినా నాకు ఎస్.ఎస్. పిళ్లైగారే గుర్తొస్తారు. 1901లో కుర్తాళం దగ్గరి వల్లంలో పుట్టారు. ఏడాదికే తల్లి, బడి చదువు చివరి ఏట తండ్రి పోయారు. శాస్త్రియార్ అనే బడిపంతులు ఆదుకుని చదువు ఆగకుండా చూశారు. ఆ కుర్రాడే పెద్దయ్యాక, మహా అయితే 73 ఆరవ ఘాతాలను కూడి ఏ సహజసంఖ్యనైనా రాబట్టవచ్చని 1940లో నిరూపించారు. 1950 ఆగస్టు 31న, అమెరికాలో గణిత మహాసభకు వెళ్తూ కైరో దగ్గర విమాన ప్రమాదంలో కన్నుమూశారు.

నేనూ ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. ఫీజు కట్టలేక బడి మానేసిన ఒక తెలివైన కుర్రాణ్ణి మాత్రం ఆపలేకపోయాను. మన స్వర్ణోత్సవ నిధిలో తొలి వాటా అలాంటి పిల్లలకే ఇద్దాం.