ఆరె పట్టిన చేతికి మూడు తీర్పులు



పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు తాతగారు ఏం చేసేవారని అవతలివాళ్ళు అడుగుతారు. మన సంఘాల్లో కొందరు ఒక్క క్షణం ఆగి, వ్యవసాయం అంటారు. ఆ ఆగిన క్షణంలో ఏముందో కాపరిగా నాకు తెలుసు. పెరట్లో తోళ్ళు నానబెట్టిన లంద, తంగేడు చెక్క వాసన, గోడకు వేలాడిన ఆరె, తోలు కోసే రంపె. ఆ తాత చెమటతో చదువుకున్న మనుమలే ఆయన చేతిపని పేరు చెప్పడానికి సిగ్గుపడుతున్నారు. అందుకే ఈ వారం తోలుపని చేసి బ్రతికిన ఒక దైవజనుని జీవితాన్ని మీ ముందు పెడుతున్నాను. ఆయన పేరు మీకు తెలుసు: విలియం కేరీ. బైబిలు అనువాదకునిగా ఆయనను ఎరుగుదుము. చెప్పులు కుట్టినవానిగా ఈ రోజు చూద్దాం.

ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్ తోలుపనికీ బూట్లకూ పేరుపడ్డ ప్రాంతం. అక్కడి పాలర్స్‌పురి గ్రామంలో 1761 ఆగస్టు 17న కేరీ జన్మించాడు. తండ్రి ఎడ్మండ్ మొదట నేతగాడు, తరువాత ఊరి బడిపంతులు. కుర్రవాడిని పొలం పనికి పంపితే ఎండ పడక చర్మం బాధపెట్టేది. నీడపట్టున చేసే పని కావాలి. అందుకని దగ్గరలోని పిడింగ్టన్‌లో క్లార్క్ నికల్స్ అనే చెప్పుల పనివాని దగ్గర శిష్యునిగా చేర్చారు.

ఆ పని తేలిక కాదు. అడుగు తోలును నీళ్ళలో నానబెట్టి, ఒళ్ళో రాయి పెట్టుకొని, దానిమీద సుత్తితో కొట్టి గట్టిపరచాలి. పాదం ఆకారంలో ఉన్న చెక్క అచ్చుమీద పైతోలును లాగి, ముడతలు లేకుండా బిగించాలి. నార దారాలు కొన్ని కలిపి పేని, మైనమూ గుగ్గిలమూ పట్టించాలి. దారం రెండు కొసలకూ సూదికి బదులు పందివెంట్రుకలు కట్టాలి. ఆరెతో ఒక రంధ్రం పొడిచి, ఆ ఒక్క రంధ్రంలోనే రెండు వైపులనుంచి రెండు కొసలూ దూర్చి, రెండు చేతులతో సమానంగా లాగాలి. అలా కుట్టినప్పుడు ఒక కుట్టు తెగినా పక్క కుట్టు పట్టుకొనే ఉంటుంది. తొందరపడి వదులుగా లాగినవాడి పని మొదటి వానకే బయటపడుతుంది.

ఆ అంగడిలోనే కేరీకి కొత్త నిబంధన వ్యాఖ్యానం ఒకటి కనబడింది. అందులోని గ్రీకు అక్షరాలు అర్థం కాలేదు. వాటిని కాగితం మీద దించుకొని, సొంత ఊరిలో చదువుకున్న ఒక నేతగాని దగ్గరకు పట్టుకువెళ్ళి అర్థం అడిగాడు. ఆ అంగడిలోనే ఆయన పాపమూ బయటపడింది. క్రిస్మస్ కానుకగా వచ్చిన ఒక షిల్లింగు నకిలీదని తేలితే, దానిని యజమాని డబ్బులో కలిపి తాను మంచిది ఉంచుకున్నాడు. దొరికిపోయాడు. ఆ సిగ్గు ఆయనను లోపలినుంచి కదిలించింది. తోటి పనివాడైన జాన్ వార్ సాక్ష్యం కూడా తోడై, ఆ కుర్రవాడు ప్రభువు దగ్గరకు వచ్చాడు.

1779లో నికల్స్ చనిపోయాక హాకల్టన్‌లోని థామస్ ఓల్డ్ అంగడిలో చేరాడు. కేరీ చేతిపనిపై మొదటి తీర్పు ఇక్కడ వచ్చింది. ఆయన కుట్టిన ఒక జతను ఓల్డ్ అమ్మకుండా, మంచి పనితనానికి నమూనాగా అంగడిలో ఉంచుకున్నాడు. చాలా ఏళ్ళ తరువాత, కేరీకి చెప్పులు కుట్టడం సరిగా రాదని కొందరు అంటుంటే, తాను మంచి పనివానిగానే పేరుపొందానని చెప్పి ఆ జతను ఆయనే గుర్తుచేసుకున్నాడు. అతిశయంతో కాదు. నిజం నిజంగా చెప్పాడు.

1781లో డొరోతీ ప్లాకెట్‌ను పెండ్లాడాడు. ఓల్డ్ మరణం తరువాత వ్యాపారం కేరీ మీద పడింది. ఒక పెద్ద ఆర్డరు రద్దయి, కుట్టిన సరుకు నష్టానికి అమ్ముకోవలసి వచ్చింది. ఇంట్లో జ్వరం. మొదటి బిడ్డ ఆన్ రెండేళ్ళు నిండకుండానే కన్నుమూసింది. 1783 అక్టోబరు 5న నీన్ నదిలో బాప్తిస్మము పొందినప్పుడు ఆయన ఒక పేద చెప్పుల పనివాడు.

1785లో మౌల్టన్ గ్రామానికి వెళ్ళి బడి నడిపాడు, చిన్న సంఘానికి కాపరి అయ్యాడు. ఆ జీతంతో ఇల్లు గడవక చెప్పులు కుడుతూనే ఉన్నాడు. కాగితాలు అతికించి తానే గీసిన ప్రపంచ పటం గోడమీద, తోలు ఒళ్ళో. పటంలో ఒక్కొక్క దేశం మీద జనాభా, అక్కడి ప్రజల మతం రాసుకొనేవాడు. కెట్టరింగ్‌లో థామస్ గాచ్ అనే వ్యాపారి సైన్యానికి బూట్లు సరఫరా చేసేవాడు. కేరీ మైళ్ళకొద్దీ నడిచి, కుట్టిన బూట్లు ఆయనకు అప్పజెప్పి, కొత్త తోలు మోసుకొచ్చేవాడు.

రెండవ తీర్పు ఇక్కడ. కేరీ జీవిత చరిత్రలు ఇలా చెబుతాయి. గాచ్ ఒకరోజు ఆయనను, వారానికి ఈ పనిలో ఎంత సంపాదిస్తావని అడిగాడు. తొమ్మిది పది షిల్లింగులని కేరీ చెప్పాడు. అయితే ఇకమీదట నా తోలు పాడుచేయవద్దు, చదువు కొనసాగించు, వారానికి పది షిల్లింగులు నేనే ఇస్తానని గాచ్ అన్నాడట. ఒక యజమాని నమూనాగా ఉంచుకున్న చెయ్యే ఇప్పుడు తోలు పాడుచేస్తోందా? మనసు పటం మీదికి వెళ్ళినప్పుడు కుట్టు వదులైపోతుంది. ఆ సంగతి చూసి చెప్పినవాడు ఎగతాళి చేయలేదు. తన జేబులోనుంచి దారి చూపించాడు. కేరీ నొచ్చుకోలేదు, సహాయం పుచ్చుకున్నాడు.

అక్కడినుంచి కథ మనకు తెలిసిందే. 1792 అక్టోబరు 2న కెట్టరింగ్‌లో ఒక విధవరాలి ఇంట్లో మిషనరీ సంఘం ఏర్పడింది. మొదటి చందా 13 పౌండ్లు, 2 షిల్లింగులు, 6 పెన్నీలు. 1793 నవంబరులో కేరీ బెంగాలు చేరాడు. కుమారుడు పీటర్ చనిపోయాడు, డొరోతీ మతిస్థిమితం కోల్పోయింది. 1801లో బెంగాలీ కొత్త నిబంధన అచ్చయింది, ఆ ఏడే ఫోర్ట్ విలియం కళాశాలలో బోధకుడయ్యాడు.

పెద్దల సరసన భోజనానికి కూర్చునే స్థితి వచ్చాకే మూడవ తీర్పు వినబడింది. ఒక విందులో ఒక సైనికాధికారి, ఈ కేరీ ఒకప్పుడు చెప్పులు తయారుచేసేవాడు కదూ అని పక్కవానిని కేరీకి వినబడేలాగే అడిగాడు. కేరీ తానే జవాబిచ్చాడు: కాదండీ, తయారుచేసేవాణ్ణి కూడా కాదు, పాతవి బాగుచేసేవాణ్ణి మాత్రమే. ఇంగ్లండులో సిడ్నీ స్మిత్ అనే మతాచార్యుడు ఎడింబరో రివ్యూ పత్రికలో ఈ మిషనరీలను చెప్పులు కుట్టేవాళ్ళని వెక్కిరించాడు. కేరీ పని ఆగలేదు.

మూడు తీర్పులకూ మధ్య తేడా గమనించండి. ఓల్డ్ పనిని చూసి మెచ్చుకున్నాడు. గాచ్ పనిని చూసి తప్పు చెప్పాడు. మూడవవాడు పనిని చూడనే లేదు. మనిషి ఎక్కడినుంచి వచ్చాడో చూశాడు. మొదటి రెండింటినీ కేరీ అంగీకరించాడు. మూడవదానికి తల వంచలేదు, కోపమూ తెచ్చుకోలేదు.

ఆ అలవాటు చివరిదాకా నిలిచింది. 1812 మార్చి 11న శ్రీరాంపూర్ ముద్రణాలయం కాలిపోయినప్పుడు పోయిన రాతప్రతుల్లో ఆయన తెలుగు వ్యాకరణానిదీ ఉంది. మళ్ళీ రాశాడు, 1814లో అచ్చువేశాడు. 1818లో శ్రీరాంపూర్ నుంచి తెలుగు కొత్త నిబంధన వచ్చింది. అది నిలవలేదు, తరువాతివారు కొత్తగా అనువదించారు. బెంగాలీ అనువాదంలో లోపాలున్నాయని చెప్పినవారి మాట విని, విప్పి మళ్ళీ కుట్టినట్టు దానిని 1832 వరకూ దిద్దుతూనే ఉన్నాడు. 1834 జూన్ 9న ప్రభువునందు నిద్రించాడు.

ఇక మన సంగతికి వద్దాం. తెలుగు నేలమీద సంఘం పెరిగిన తీరులో తోలుపని ఇళ్ళ పాత్ర ఎంతటిదో ఒంగోలు చరిత్ర చెబుతుంది. 1867లో ఎనిమిది మందితో మొదలైన ఆ సంఘానికి, తోళ్ళ వ్యాపారం చేసిన యెర్రగుంట్ల పేరయ్య వంటివారు ఊరూరా సువార్త మోశారు. 1878 జూలై 3న ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో అత్యధికులు లంద, ఆరె ఎరిగిన మాదిగ కుటుంబాలవారు. ఆ ఇళ్ళను దాచిపెట్టి మన సంఘ చరిత్ర చెప్పుకోలేము.

ఇప్పటికీ మన మధ్య చెప్పులు, బెల్టులు, సంచులు, బైబిలు కవర్లు చేతితో కుట్టే సహోదరులు ఉన్నారు. వారి విషయంలో మనం ఏ తీర్పు ఇస్తున్నాము? వారి పని కొనండి. కుట్లు సమదూరంలో ఉన్నాయా, అంచు నున్నగా దిద్దారా, వంచితే తోలు పగులుతోందా చూడండి. బాగుంటే నలుగురిలో చూపించండి. రెండు నెలలకే అడుగు ఊడిపోతే, పర్వాలేదులే బ్రదర్ అని ముఖాన నవ్వి వెనుక మాట్లాడకండి. పట్టుకెళ్ళి చూపించండి, ఏ కుట్టు వదులైందో చెప్పండి. విశ్వాసి కదా అని ఉచితంగా అడగకండి. న్యాయమైన ధర ఇవ్వండి. పని చేసే సహోదరులారా, తప్పు చెప్పినవానిని శత్రువుగా చూడకండి. మూడవ తీర్పును మాత్రం, అది ఎవరి నోటినుంచి వచ్చినా, సంఘం గుమ్మం దాటనివ్వకండి. కులం అడిగి, పని అడిగి మనిషిని తూచే మాటకు ప్రభువు బల్ల దగ్గర చోటు లేదు.

పేతురు యొప్పేలో చాలా దినములు ఎవరి ఇంట బసచేశాడు? సీమోను అనే చర్మకారుని ఇంట. కొర్నేలీకి దూత ఆ చిరునామా చెప్పినప్పుడు వృత్తి పేరు దాచలేదు. సముద్రపు దరిని చర్మకారుని ఇల్లు అని చెప్పాడు. అన్యజనులకు సువార్త తలుపు తెరిచే పిలుపు పేతురును ఆ ఇంటి మేడమీదే కలిసింది. పరలోకం సిగ్గుపడకుండా పలికిన ఆ వృత్తి పేరు పలకడానికి మనం ఎందుకు ఆగాలి? తాతగారు ఏం చేసేవారని ఈసారి ఎవరైనా అడిగితే, తల ఎత్తి చెప్పండి.

ప్రభువు మన చేతిపనిని స్థిరపరచును గాక. ఆమేన్.