చదరంగమాడిన చెల్లెండ్రు

పలువురిని ఒక్క పటమున కూర్చి చిత్రించుట సులభమైన పని కాదు. ఒక్కొక్క ముఖమున పోలిక తప్పరాదు. అందఱిని కలుపు భావమొకటి యుండవలెను. పోలికలు మాత్రమే యున్న చిత్రము హాజరుపట్టిక వలె నుండును. ఇటలీదేశపు పునరుజ్జీవన యుగమున ఈ విద్య రాజాస్థానములందును, ఆలయములందును పెరిగినది. మాంటువా నగరమున మాంటెన్యా 1474లో ముగించిన కుడ్యచిత్రములందు ప్రభువైన లుడోవికో గొంజాగా భార్యాబిడ్డలతో, పరివారముతో కొలువుదీరి కనబడును. ఫ్లారెన్సులో గిర్లాందాయో 1490 నాటికి పూర్తిచేసిన చిత్రములందు ధనికులైన టోర్నబువోని వంశీయులు పవిత్రకథలకు సాక్షులుగా నిలిచియుందురు. ఇట్టి గౌరవము ప్రభువులకును, శ్రీమంతులకును దక్కినది. ఇంటిలోని ఆడుపిల్లల ఆటను, నవ్వును గొప్ప చిత్రమునకు తగిన వస్తువుగా చూపినవారిలో ముందు నిలుచునది సోఫోనిస్బా అంగ్విస్సోలా.

ఆమె ఉత్తర ఇటలీలోని క్రెమోనా పట్టణమున 1532 ప్రాంతమున జన్మించెను. తండ్రి అమిల్కారె, తల్లి బియాంకా పొంజోని. వారికి ఆరుగురు కుమార్తెలు, ఒక కుమారుడు, సోఫోనిస్బా పెద్దబిడ్డ. కులీనుడైన ఆ తండ్రి కుమార్తెలకు చదువును, కళలను నేర్పింప పూనెను. 1546 ప్రాంతమున సోఫోనిస్బాను, రెండవ కుమార్తె ఎలెనాను బెర్నార్డినో కాంపి అను చిత్రకారుని యింట శిష్యులుగా నుంచెను. బాలురే చిత్రకారుల యొద్ద శిష్యులుగా చేరుచుండిన ఆ కాలమున ఇది సాహసమే.

అయినను ఒక ద్వారము ఆమెకు మూసియే యుండెను. దిగంబర శరీరమును ఎదుట నుంచుకొని గీయు అభ్యాసము స్త్రీలకు తగదని ఆనాటి సంఘము విధించినది. ఆ అభ్యాసము లేనిదే పురాణకథలను, యుద్ధములను పెద్ద పటములపై చిత్రించుట దుష్కరము. చిత్రకారునకు కీర్తి తెచ్చునవి నాడు అవియే. సోఫోనిస్బాకు మిగిలినవి అద్దములోని తన ముఖమును, ఇంటివారి ముఖములును. ఆమె వానినే తన పాఠశాలగా చేసికొనెను.

ఆ పాఠశాలలో పండిన ఫలము 1555 నాటి చదరంగపు చిత్రము. చెట్టునీడన తివాచి పఱచిన బల్లచుట్టు ముగ్గురు చెల్లెండ్రు. లూచియా పావు గెలిచి మన వంక తిరిగి చూచుచున్నది. ఎదుటనున్న మినర్వా చేయి యెత్తి ఏదియో పలుకబోవుచున్నది. నడుమ నిలిచిన చిన్నారి యూరోపా అక్క ఓటమికి నవ్వుచున్నది. వెనుకనుండి వృద్ధ పరిచారిక ఆటను గమనించుచున్నది. ఒకరి చూపు మఱియొకరిని చేరి, చివరకు మనలను చేరును. ముఖములను కలుపునది ఆ చూపులే.

చదరంగము మన దేశమున పుట్టి, పారశీకులు, అరబ్బుల ద్వారా ఐరోపాకు చేరిన ఆట. మన బల్లపై రాజు ప్రక్కనుండు మంత్రి అచ్చట రాణి యైనది. 15వ శతాబ్ది చివర ఆ రాణియే అన్ని పావులకంటె బలవంతురాలైనది. బుద్ధిని పరీక్షించు ఆ యాటను చెల్లెండ్రచే ఆడించుటలో సోఫోనిస్బా భావము విశదమే.

ఆమె నవ్వుచున్న బాలికను గీసిన బొమ్మ మైకెలాంజిలో దృష్టికి వచ్చెను. ఏడ్చు బాలుని గీయుట ఇంకను కష్టమని ఆ మహాశిల్పి సూచించెను. అంతట ఆమె రొయ్యజాతి జీవి వ్రేలు కొఱుకగా ఏడ్చు బాలుని గీసి పంపెను. 1562లో ఆ బొమ్మ ఫ్లారెన్సు ప్రభువునకు కానుకగా వెళ్లెను. తరువాత వసారి క్రెమోనాకు వచ్చి, చదరంగపు చిత్రమును ఆమె తండ్రి యింట చూచి, తన చిత్రకారుల చరిత్రలో కొనియాడెను.

1559లో ఆమె స్పెయిను రాజు రెండవ ఫిలిప్పు కొలువునకు వెళ్లెను. బాలికయైన రాణి ఎలిజబెత్తుకు చెలికత్తెగా నుండి, చిత్రలేఖనము నేర్పెను. రాజకుటుంబీకుల చిత్రములు వ్రాసెను. కాని కులస్త్రీ పటములు వ్రాసి వెల పుచ్చుకొనుట మర్యాద గాదు. ఆమెకు లభించినవి వేతనమును, కానుకలును. ఆ చిత్రములపై ఆమె పేరు వ్రాయలేదు.

1568లో రాణి మరణించెను. 1573లో సోఫోనిస్బా సిసిలీకి చెందిన ఫాబ్రిజియో మోంకాదాను వివాహమాడెను. 1578లో అతడు సముద్రమున మరణించెను. పిదప నౌకానాయకుడైన ఒరాజియో లొమెల్లినిని తానే కోరి పెండ్లాడి, జెనోవాలో చిరకాలము నివసించెను. 1624లో యువచిత్రకారుడు వాన్ డైక్ పలెర్మోలో ఆమెను దర్శించెను. తొంబదేండ్లు దాటి, చూపు మందగించినను, వెలుగు ఎచ్చటనుండి పడినచో ముఖముపై ముడుతలు ఎక్కువగా కనబడవో అతనికి ఆమె బోధించెను. 1625లో ఆమె కన్నుమూసెను.

పేరు లేని స్పెయిను చిత్రములు పెక్కు కాలక్రమమున పరుల ఖాతాలో చేరినవి. మాడ్రిడ్‌లోని ప్రాదో చిత్రశాలయందలి ఫిలిప్పు రాజు చిత్రము ఆమెదని ఇరువదవ శతాబ్దిలో పండితులు పరిశీలించి తేల్చిరి. 2019లో ఆ చిత్రశాల ఆమె కృతులతో ప్రదర్శన జరిపెను. చదరంగపు చిత్రము మాత్రము నేడు పోలండులోని పోజ్నాన్ నగరమున నున్నది. దానిని పరులెవ్వరును తమదనలేరు. అమిల్కారె కుమార్తె తన ముగ్గురు చెల్లెండ్రను, పరిచారికను ప్రత్యక్షముగా చూచి వ్రాసెనని, ఆ చదరంగపు బల్ల అంచున ఆమెయే తన పేరుతో లిఖించినది.