ఒక్క కన్నుగల వైద్యుడు – డాక్టరు డెనిస్ బర్కిట్‌గారి జీవితము



నూరు గొఱ్ఱెలుగల కాపరి ఉపమానము మనమందరము ఎరుగుదుము. తప్పిపోయిన ఒక గొఱ్ఱెను అతడు వెదకపోయెనని ఎన్నో ప్రసంగములలో వింటిమి. అయితే ఒక సంగతి మనము తలంచము. నూరింటిలో ఒకటి తక్కువాయెనని అతనికెట్లు తెలిసెను? సాయంకాలము దొడ్డివాకిట నిలిచి లెక్క పెట్టెను గనుక తెలిసెను. లెక్క పెట్టని కాపరికి ఏ గొఱ్ఱెయు తప్పిపోదు. అన్నియు ఉన్నట్లే కనబడును.

ఈ నెల ధ్యానమునకై అట్లు లెక్క పెట్టిన ఒక వైద్యుని జీవితమును మీ ముందుంచుచున్నాను.

డెనిస్ బర్కిట్‌గారు 1911 ఫిబ్రవరి 28న ఐర్లండులోని ఎన్నిస్కిల్లెన్‌లో జన్మించిరి. ఆయన తండ్రి రోడ్లు, వంతెనలు చూచు ఇంజనీరు. తీరిక వేళలలో ఆ తండ్రి తన తోటలోని పిట్టలను పట్టి, వాటి కాళ్లకు గుర్తుగా చిన్న కడియములు తొడిగి, ఏ పిట్ట ఏ హద్దులలో తిరుగుచున్నదో కాగితము మీద పటము గీయుచుండెడివాడు. ఆ పటములు కుమారునికి తరువాత ఎట్లు ఉపయోగపడెనో ముందు చూతము.

పదకొండేండ్ల ప్రాయమున బడిపిల్లల కొట్లాటలో రాయి తగిలి బాలుని కుడి కన్ను పోయెను. 1929లో డబ్లిన్ నగరములోని ట్రినిటీ కళాశాలలో తండ్రివలె ఇంజనీరు చదువునకు చేరెను. అక్కడ ప్రార్థనకు కూడుకొను విద్యార్థుల సహవాసము దొరకెను. వారి మధ్య తన జీవితమును ప్రభువునకు అప్పగించుకొని, వైద్యుడగుటకే దేవుడు తన్ను పిలుచుచున్నాడని గ్రహించి, ఆ చదువు మాని వైద్యవిద్యలో ప్రవేశించెను. 1935లో వైద్యుడై, 1938లో శస్త్రచికిత్సలో పై పరీక్ష నెగ్గెను. ఆఫ్రికా ఖండమునకు పోయి రోగులకు సేవ చేయవలెనని ఆయన దరఖాస్తు పెట్టగా, ఒక్క కన్నువాడు అక్కరకు రాడని దానిని తిరుగగొట్టిరి.

మనుష్యులు మూసిన తలుపు యుద్ధకాలమున మరియొక వైపు తెరువబడెను. 1941లో సైన్యపు వైద్యుడై, తరువాత తూర్పు ఆఫ్రికాకు పంపబడెను. యుద్ధము ముగిసిన పిమ్మట 1946లో ఉగాండా దేశమున సర్కారు వైద్యుడుగా నియమింపబడెను. మొదట పనిచేసిన లీరా ప్రాంతమున వరిబీజముతో అనేకులు వచ్చుచుండిరి. వారికి కోత కోసి పంపుటతో ఆయన ఊరకుండలేదు. ప్రతివాని ఊరు అడిగి వ్రాసికొనెను. జిల్లాకు తూర్పున ఆ వ్యాధి విస్తారముగాను, పడమట బహు స్వల్పముగాను ఉన్నట్లు తేలెను. దానికిని బోదకాలు పురుగునకును గల సంబంధమును ఆయన పరిశీలించెను. రోగియొక్క ఊరు అడుగుట ఆనాటి నుండి ఆయనకు అలవాటాయెను.

1948 నుండి రాజధానియైన కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో పనిచేసెను. 1957లో ఒకనాడు తోటి వైద్యుడైన హ్యూ ట్రోవెల్‌గారు ఆయనను పిలిచి అయిదేండ్ల పిల్లవానిని చూపించెను. పై దవడ, క్రింది దవడ, రెండు ప్రక్కలను ఉబ్బియుండెను. పండ్లు కదలిపోయి, ముఖము వికారమైయుండెను. అది ఏమి వ్యాధియో ఆయనకు తెలియలేదు. కొన్ని వారములైన పిమ్మట జింజా పట్టణపు ఆసుపత్రికి పోయినప్పుడు, కిటికీగుండా చూడగా బయట తల్లితో కూర్చుండిన ఒక బిడ్డ కనబడెను. ఆ బిడ్డ దవడలును అట్లే ఉబ్బియుండెను. పరీక్షింపగా కడుపులోను గడ్డలుండెను.

ఒక బిడ్డ అట్లుండిన వింత అనుకొని మరచిపోవచ్చును. రెండవ బిడ్డను చూచిన తరువాత మరచిపోకూడదని ఆయన తలంచెను. ఆసుపత్రి పాత కాగితములన్నియు తిరుగవేసెను. దవడ గడ్డ అని కొందరి పేర, మూత్రపిండపు గడ్డ అని కొందరి పేర వేర్వేరుగా వ్రాయబడినవి ఒకే రాచపుండు రూపములని కనుగొనెను. 38 మంది పిల్లల వృత్తాంతమును 1958లో వైద్య పత్రికలో ప్రకటించెను. నేడు దానికి బర్కిట్ లింఫోమా అని పేరు.

ఆ వ్యాధి అంతవరకు లేనిది కాదు. కంపాలా దగ్గర మెంగోలో 1897 నుండి మిషను వైద్యము చేసిన ఆల్బర్ట్ కుక్‌గారు తన రోగులను గూర్చి శ్రద్ధతో వ్రాసియుంచిన పుస్తకములలోను అట్టి పిల్లలుండిరని తరువాత చూచిరి. వ్రాసినవారుండిరి గాని, వ్రాసినవన్నియు ఒకచోట చేర్చి ఎక్కడ, ఎందుకని అడిగినవారు లేకపోయిరి.

బర్కిట్‌గారు ఆ ప్రశ్న అడిగిరి. చేతనున్నది 25 పౌనుల స్వల్ప సహాయము. దానితో ఆ పిల్లల ఛాయాచిత్రములుగల కరపత్రములు అచ్చువేయించి, ఆఫ్రికా అంతటనున్న సర్కారు ఆసుపత్రులకును మిషను ఆసుపత్రులకును పంపి, ఇట్టి బిడ్డను చూచితిరా అని విచారించిరి. మారుమూలల నుండి జవాబులు వచ్చెను. వాటిని పటము మీద గుర్తింపగా, ఆఫ్రికా నడుమ ఒక నడికట్టువలె ఆ వ్యాధి వ్యాపించియుండెను.

ఆ కట్టు అంచు ఎక్కడ ముగియుచున్నదో కన్నులార చూడవలెనని 1961 అక్టోబరులో ఇద్దరు స్నేహితులతో బయలుదేరిరి. ఒకడు కులువా మిషను ఆసుపత్రి వైద్యుడైన టెడ్ విలియమ్స్. మోటారు మరమ్మతు చేయుటలోను నేర్పరి. మరియొకడు క్లిఫ్ నెల్సన్ అను వైద్యుడు. 250 పౌనులకు కొన్న పాత ఫోర్డు బండిలో పది వారములు, 10,000 మైళ్లు, దక్షిణ ఆఫ్రికా వరకు పోయి వచ్చిరి. దారిలో యాభైకి పైగా ఆసుపత్రులు చూచిరి. యాత్ర ఖర్చంతయు 678 పౌనులు మాత్రమే.

భూమధ్యరేఖ దగ్గర 5,000 అడుగులకు మించిన కొండసీమలలో ఆ వ్యాధి లేదు. దక్షిణమునకు పోవుకొలది తక్కువ ఎత్తులలోనే అది ఆగిపోయెను. కారణము ఎత్తు కాదు, చలియే. వాన తక్కువైన చోట్లను అది అరుదు. వేడిమియు వానయు కూడినచోట దోమలు విస్తరించును గదా! చలిజ్వరము విడువక పీడించు సీమలలోనే ఈ గడ్డయు ఎక్కువని తేలెను.

అంతకు ముందే, 1961 మార్చిలో, లండనులోని ఒక ఆసుపత్రిలో బర్కిట్‌గారు ప్రసంగించినప్పుడు ఆంథొనీ ఎప్‌స్టైన్ అను యువ శాస్త్రజ్ఞుడు వినుచుండెను. కంపాలా నుండి విమానములో పంపబడిన గడ్డల ముక్కలను ఆయనయు తోటివారును పరీక్షించి, వాటిలో ఒక వైరసును 1964లో ప్రకటించిరి. మనుష్యుని క్యాన్సరుతో సంబంధముగలదని కనుగొనబడిన మొదటి వైరసు అదే. ఆ వైరసు లోకమంతట సాధారణముగా నున్నది. చలిజ్వరముచేత ఒంటి కాపుదల చెడిన పిల్లలయందు అది ఈ గడ్డకు తోడ్పడునని నేడు తెలిసికొనియున్నారు.

ములాగోలో కిరణచికిత్స యంత్రము లేదు. గడ్డ కోసివేయుటకు వీలులేదు. గనుక బర్కిట్‌గారు అప్పటికి క్రొత్తవైన మందులు ప్రయోగించిరి. వాటిలో ఒకటి మెథోట్రెక్సేటు. ఇక్కడ మన తెలుగువారు సంతోషింపదగిన సంగతి ఒకటి కలదు. ఆ మందు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పుట్టినది. అక్కడ పరిశోధనను నడిపినవాడు 1895లో భీమవరమున జన్మించి 1948లో మరణించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ మందులతో కొందరు పిల్లల గడ్డలు కొద్ది దినములలోనే కరగిపోయెను; కొందరు పూర్తిగా బ్రతికిరి. 1967లో కంపాలాలో ఈ వ్యాధికి ప్రత్యేక చికిత్సాలయము ఏర్పడెను. అదియే నేటి ఉగాండా క్యాన్సరు సంస్థ.

1966లో బర్కిట్‌గారు ఇంగ్లండునకు తిరిగి వచ్చి, మిషను వైద్యులకు ఉత్తరములు వ్రాయుట మానక, ఆఫ్రికా పల్లెవాసులకు పెద్దప్రేగు క్యాన్సరు ఏల అరుదని విచారించిరి. పొట్టు తీయని ధాన్యము, కూరలు, దుంపలు తినుటయే కారణమని చెప్పిరి. ఆయన ఊహించినదంతయు నిలువలేదు గాని, పీచుగల ఆహారము ఆ అపాయమును తగ్గించునని తరువాతి పరిశోధకులు కనుగొనిరి. మన జొన్న, సజ్జ, రాగులను పేదల తిండియని చిన్నచూపు చూచువారు ఇది గమనింపవలెను. క్రైస్తవ వైద్యుల సహవాసమునకు అధ్యక్షుడుగాను సేవచేసి, 1993 మార్చి 23న ఆయన ప్రభువునందు నిద్రించిరి.

ప్రియులారా, నా యొద్ద మన సంఘపు సమాధుల రిజిస్టరు కలదు. దానిలో నా చేతివ్రాతతో ఒక వరుస ఉన్నది. మెడమీద గడ్డతో నా యొద్దకు తేబడిన ఒక చిన్నదాని పేరు అది. ఆ దినమున నేను తలమీద చేయి వేసి ప్రార్థించితిని. కోతలు కానిచ్చి పట్టణమునకు తీసికొనిపొమ్మని తలిదండ్రులకు చెప్పితిని. కోతలు ముగియుసరికి ఆలస్యమాయెను. ప్రార్థన తప్పు కాదు. ఆగుమని చెప్పిన నా మాట తప్పు. ఆ తప్పును నేను ప్రతి ఏట రిజిస్టరు తెరచినప్పుడు చదువుచున్నాను.

ధనిక దేశములలో క్యాన్సరు వచ్చిన పిల్లలలో నూటికి 80 మందికి పైగా బ్రతుకుచుండగా, బీద దేశములు అనేకములలో 30 మందియైనను బ్రతుకుట లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మందు లేకపోవుట ఒక కారణము. మధ్యలో చికిత్స మానుట మరియొకటి. ఆలస్యముగా తెచ్చుట ఇంకొకటి. చివరిది మన చేతిలోనే ఉన్నది. బిడ్డకు తగ్గని గడ్డ, కారణము తెలియక విడువని జ్వరము, పాలిపోవుట, దెబ్బ తగులకయే కమిలిన మచ్చలు, కంటిపాపలో తెల్లని మెరుపు, ఉదయమున వాంతితో కూడిన తలనొప్పి, వీటిలో ఏది కనబడినను మంత్రగాని యొద్దకు పోక, పండుగకు, కోతకు ఆగక, పెద్ద ఆసుపత్రికి తీసికొనిపొండి. బస్సు ఖర్చునకు లేనివారు సిగ్గుపడక కాపరి ఇంటికి రండి. కానుకపెట్టె అందునకే యున్నది.

ఈ నెల ప్రతి సంఘపెద్ద తన పేటలోని పిల్లలను లెక్క పెట్టవలెను. ఆదివారపు బడికి రానివాడెవడు, ఏల రాలేదు అని ఇంటికి పోయి చూడవలెను. ఒక్క కన్నుగల మనుష్యుడు కిటికీగుండా చూచినదానిని, రెండు కన్నులు గల మనము మన వీధిలో చూడకపోయిన, ప్రధాన కాపరి లెక్క అడుగు దినమున ఏమి చెప్పుదుము?

ప్రభువు మనకు చూచు కన్నులు దయచేయును గాక. ఆమేన్.