మునగబోయే అడవిలో చెట్ల లెక్క

మా వీధి చివర రావిచెట్టు కొట్టేసిన రోజున నేను గేటు పట్టుకుని నిలబడి చూశాను. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. సాయంత్రం పక్కింటావిడ దగ్గర బాధపడితే, ఆడవాళ్ళం, అదీ ఈ వయసులో, మనమేం చేస్తామండీ అన్నారావిడ. నేనూ తలూపాను. తర్వాత కొన్నాళ్ళకి జానకి అమ్మాళ్ గురించి చదివాను. ఆ తలూపినందుకు నాకు సిగ్గేసింది.

కేరళలో ఒక వర్షారణ్యం ఆనకట్ట నీళ్ళలో మునిగిపోతుందని గొడవ మొదలయ్యేసరికి ఆవిడకి ఎనభై ఏళ్ళు. అడవిని కాపాడమని ఆవిడని ఎవరూ నియమించలేదు. జీతం లేదు, పదవి లేదు. అయినా ఆ అడవికి మాట సాయం చేసినవాళ్ళలో ఆవిడ ఒకరయ్యారు. ఎలాగో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

జానకి అమ్మాళ్ 1897 నవంబరు 4న ఉత్తర కేరళలోని తలశ్శేరిలో పుట్టారు. చాలా పెద్ద కుటుంబం. తండ్రి కృష్ణన్ సబ్ జడ్జి. కోర్టు పని అయ్యాక ఆయన లోకమంతా తోట, పక్షులు. మలబారు పక్షుల మీద పుస్తకాలు కూడా రాశారు. అక్కచెల్లెళ్ళకి ఒక్కొక్కరికీ పెళ్ళిళ్ళు అవుతుంటే ఈవిడ మాత్రం మద్రాసు వచ్చి క్వీన్ మేరీస్‌లో, ప్రెసిడెన్సీలో వృక్షశాస్త్రం చదివారు. కొన్నాళ్ళు పాఠాలు చెప్పారు. ఆసియా స్త్రీల కోసం పెట్టిన బార్బర్ స్కాలర్‌షిప్ రావడంతో ఓడెక్కి అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయారు. 1931లో అక్కడే డాక్టరేట్ అందుకున్నారు. అమెరికాలో వృక్షశాస్త్రంలో డాక్టరేట్ పొందిన మొదటి భారతీయ మహిళ ఆవిడేనంటారు. పెళ్ళి మాట మళ్ళీ రాలేదు.

ఆవిడ చేసే పనేమిటో వంటింటి భాషలో చెబుతాను. ప్రతి మొక్క కణంలోనూ దాని వంశ లక్షణాలు మోసే సన్నని పోగులుంటాయి. వాటినే క్రోమోజోములంటారు. లేత వేరు కొసో మొగ్గో తెచ్చి, రంగు పట్టించి, గాజు పలక మీద నొక్కి, మైక్రోస్కోపు కింద పెట్టి ఆ పోగుల్ని లెక్కపెట్టాలి. ఎంత ఓపిక కావాలో చూడండి. ఆ లెక్కతో ఏ మొక్కకి ఏది చుట్టమో, ఏ రెండింటిని కలిపితే పంట వస్తుందో తెలుస్తుంది. ఆవిడ పేరుతో ఒక వంకాయ కూడా ఉంది, తెలుసా!

1934లో కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో చేరారు. తియ్యగా ఉన్నా మన నేలలో నిలవలేని పరాయి చెరకుని మన రెల్లుగడ్డితో కలిపి మొండి రకాలు తయారు చెయ్యడం అక్కడి పని. అవును, శరదృతువులో గోదావరి గట్టున తెల్లగా పూసే మన రెల్లే! ఆ కలయికల లోపలి లెక్కలు తేల్చినవాళ్ళలో జానకి అమ్మాళ్ ముఖ్యులు. చెరకుని మొక్కజొన్నతో కూడా కలిపి చూశారు. కానీ పెళ్ళికాని స్త్రీ, పైగా తక్కువ కులమని లోకం లెక్కగట్టిన తియ్య కులం. తోటి మగవాళ్ళతో అక్కడ ఇమడలేకపోయారు. 1939లో సమావేశం కోసం బ్రిటన్ వెళ్ళారు. యుద్ధం రావడంతో అక్కడే ఉండిపోయారు.

లండన్‌లో రాత్రిళ్ళు బాంబులు పడుతుంటే మంచం కిందికి దూరడం, తెల్లారాక అల్మరాల మీది గాజుపెంకులు ఊడ్చి మళ్ళీ పనిలో కూర్చోవడం. ఇలా గడిచాయి ఆ ఏళ్ళు. 1945లో డార్లింగ్టన్ అనే శాస్త్రవేత్తతో కలిసి పంటమొక్కల క్రోమోజోముల మీద పెద్ద పుస్తకం వెలువరించారు. తర్వాత విస్లీ తోటలో మన సంపెంగకి దగ్గర చుట్టాలైన మాగ్నోలియాల మీద పనిచేశారు. వాటిలో తెల్లగా పూసే ఒక రకానికి ఆవిడ పేరే పెట్టారు.

1951లో నెహ్రూ పిలిచారు. దేశపు వృక్ష సర్వే సంస్థని తిరిగి కట్టే పని అప్పగించారు. ప్రణాళిక ఆవిడది, డైరెక్టరు కుర్చీ మాత్రం ఇంకొకరికి వెళ్ళింది. ఇలాంటివి మన ఆఫీసుల్లో కొత్త కాదు లెండి.

నాకు అంతకన్నా ముఖ్యంగా తోచింది ఒక చెట్టు సంగతి. ఆహార ఉత్పత్తి పెంచాలని దేశమంతా అడవులు నరికి పొలాలు చేస్తున్న రోజులవి. షిల్లాంగ్ నుంచి 37 మైళ్ళు వెళ్ళారట, ఆ ప్రాంతంలో మిగిలిన ఒకే ఒక్క మాగ్నోలియా చెట్టు కోసం. తీరా వెళ్ళి చూస్తే దాన్ని కాల్చేశారు. ఈ సంగతి డార్లింగ్టన్‌కి ఉత్తరం రాశారు. తోటల్లో కొత్త మొక్కలు పుట్టించిన మనిషి మెల్లగా ఉన్న మొక్కల గురించి దిగులుపడటం మొదలుపెట్టారు. 1955లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో, మనిషి భూమిని ఎలా మార్చేస్తున్నాడన్న చర్చకి ప్రపంచం నలుమూలల నుంచీ పండితులు వచ్చారు. పిలుపు అందిన స్త్రీ ఆవిడ ఒక్కరే. మన చిన్నరైతుల సాగు గురించి, ఇంటి మొక్కలూ ఆస్తీ ఆడవాళ్ళ చేతిలో ఉండే సంప్రదాయాల గురించి అక్కడ మాట్లాడారు.

1970లో మద్రాసు చేరారు. ఊరి శివార్లలో మధురవాయల్‌లోని విశ్వవిద్యాలయ ప్రయోగశాలే ఇల్లయింది. పసుపు ఛాయల చీరలు, పెంపుడు పిల్లులు, మందుమొక్కలు. ఆ వయసులో అది చాలు ఎవరికైనా.

ఇక ఆ అడవి. పాలక్కాడ్ జిల్లాలో సైలెంట్ వ్యాలీ. స్థానికుల నోట సైరంధ్రి వనం. విరటుడి కొలువులో ద్రౌపది పెట్టుకున్న పేరు. అందులో పారేది కుంతిపుళ. పుళ అంటే నది, అంటే కోడలి అడవిలో అత్తగారి నది అన్నమాట! సింహం తోకలాంటి కుచ్చుతోక కోతులకి అది పెట్టనికోట. 1973లో అక్కడ జలవిద్యుత్ ప్రాజెక్టుకి అనుమతి వచ్చింది. 120 మెగావాట్ల కరెంటు కోసం 830 హెక్టార్ల అడవి మునుగుతుంది. వెనకబడిన మలబారుకి కరెంటూ ఉద్యోగాలూ వద్దా అని అడిగినవాళ్ళది తీసిపారేసే ప్రశ్న కాదు. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ లెక్కలు కట్టి, కరెంటుకి వేరే దారులున్నాయని చూపించింది. బడిపంతుళ్ళు ఊరూరా సభలు పెట్టారు. సుగతకుమారి లాంటి కవులు చెట్టు కోసం కవితలు రాసి చదివారు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గొంతు కలిపారు. అందరూ తమంతట తాము వచ్చినవాళ్ళే.

జానకి అమ్మాళ్‌కి నినాదాలు రావు. వచ్చింది ఒక్కటే, లెక్కపెట్టడం. ఆ లోయ చెట్ల క్రోమోజోముల సర్వే మొదలుపెట్టారు. మునిగిపోతే ఆ చెట్ల గురించి ఎవరికీ ఏమీ తెలియకుండా పోతుంది కదా. మునగక ముందే ఏం పోతోందో పేరుపేరునా రాసిపెట్టడం. అప్పటికి ప్రాజెక్టు ఆగుతుందన్న నమ్మకం ఎవరికీ లేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా మా వీధి రావిచెట్టు గుర్తొస్తుంది. దాని మీద ఎన్ని పిట్టలు వాలేవో కూడా నేను రాసుకోలేదు.

1977లో పద్మశ్రీ వచ్చింది. శాస్త్రవేత్తల సంఘం నివేదిక చూశాక 1983లో కేంద్రం ప్రాజెక్టుని వదులుకుంది. 1984 ఫిబ్రవరి 7న మధురవాయల్‌లో, ఎనభై ఆరేళ్ళ వయసులో, చివరిదాకా పనిలోనే ఉండి జానకి అమ్మాళ్ కన్నుమూశారు. ఆ ఏడాది నవంబరు 15న సైలెంట్ వ్యాలీని జాతీయ వనంగా ప్రకటించారు. తర్వాత కూడా కుంతిపుళ మీద కాస్త దిగువన ఇంకో ఆనకట్ట మాట లేచింది. అదీ కట్టలేదు.

పోయిన నెల రావిచెట్టు ఉన్నచోట సిమెంటు పలకల సందులోంచి చిన్న మొలక లేచింది. చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చి వచ్చాను. పక్కింటావిడ చెంబుతో నీళ్ళు తెచ్చారు.